పాటిగడ్డ మీద మా అత్త కాళ్లు కడిగిందెవరు

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు కాబట్టి. అప్పట్లో ఎక్కడికి పోయినా వేలిముద్రే నా సంతకం. మా మహిళా సంఘం వాళ్లు సాయంత్రం పూట బడి పెట్టినప్పుడు, కళ్లద్దాలు వచ్చిన వయసులో అక్షరాలు దిద్దాను. ఒత్తులు ఇప్పటికీ నన్ను సతాయిస్తాయి.

నేను రాయడం నేర్చుకునేలోపే నా సంగతి నోటి మాటగా ఊళ్లు తిరిగింది. ఒకరు అందులోకి తెల్లచీర తెచ్చారు. ఇంకొకరు గజ్జెల చప్పుడు కలిపారు. పక్క మండలానికి చేరేసరికి ఒక నాగుపాము కూడా వచ్చి కూర్చుంది. అవేవీ లేవు. ఉన్నది ఉన్నట్టు నా చేత్తోనే రాయాలనిపించింది.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తవ్వకాల్లో కూలిపని చేసినదాన్ని నేను. రాకాసి గుళ్లనే పాత సమాధుల దగ్గర, మనుషుల ఎముకల మీది మట్టిని కుంచెతో దులిపి, పక్కనే చెట్టు కింద కూర్చుని సద్ది తిన్నాను. ఏ రాత్రీ నాకు పీడకల రాలేదు. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను.

మాది మర్రిగూడ వైపు ఒక ఊరు. మేము మగ్గం పని వాళ్లం. నూలు పని తగ్గిన రోజుల్లో ఆడవాళ్లం పత్తి ఏరడానికి పోయేవాళ్లం. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఊరి బయట పాటిగడ్డ మీద తవ్వకాలు మొదలైతే నేను అందులో చేరాను.

పాటిగడ్డ అంటే పాత ఊరు కూలి మట్టిదిబ్బగా మిగిలిన చోటు. ఆ మట్టి చేనుకు మంచి బలం. మా చిన్నతనంలో వేసవిలో బండ్ల మీద తోలేవారు, మేము తట్టలతో మోసేవాళ్లం. పెంకులు కాళ్లకు గుచ్చుకునేవి, పూసలు దొరికితే దారానికి గుచ్చుకునేవాళ్లం. అది ఎవరి ఊరో, ఎప్పటి ఊరో ఎవరూ అడగలేదు.

తవ్వకాల మేడం చెబితే తెలిసింది. సముద్రపు రేవుల నుంచి పడమటి దేశానికి పోయే పెద్ద బాట ఈ దిబ్బ పక్కనుంచే పోయేదట. ఆ బాట మీద బతికిన ఊరట ఇది. బండ్లు ఆగేవి, ఎద్దులకు నీళ్లు పెట్టేవారు, సరుకు చేతులు మారేది. రోము నుంచి ఓడల్లో వచ్చిన సామాను కూడా ఇంతదూరం చేరేదట. రెండు చెవులున్న పొడుగు జాడీల పెంకులు మాకే దొరికాయి. ఒక బంగారు బిళ్ల దొరికింది. దాని మీద ముక్కు పొడుగు రాజు మొహం, అంచున చిన్న బెజ్జం. ఎవరో ఆడమనిషి మెడలో వేసుకుని ఉంటుందన్నది మేడం. ఆ రాజు ఎవరో తెలియకుండానే మెడలో వేసుకుందన్నమాట అని మేమంతా నవ్వుకున్నాం.

బాటకు ఎదురుగా ముఖం పెట్టిన ఒక ఇల్లు బయటపడింది. దాని గడప పక్క మట్టి తీసింది నేనే. అక్కడ ఒక బండ ఉంది. నడుమ కొంచెం లోతు, ఒక పక్కకు వాలు, వాలు చివర సన్నని మోరీ. పక్కన సగం నేలలో పాతిన పెద్ద నీళ్ల గోలెం.

"దారిన వచ్చినోళ్లు కాళ్లు కడుక్కునే జాగనా మేడం?" అని అడిగాను.

"కావచ్చు లచ్చమ్మా. గిన్నెలు తోమే జాగా కూడా కావచ్చు. మట్టి చెప్పినంతే మనం చెప్పాలి," అన్నది.

సాయంత్రం ఇంటికి పోయి ఇవన్నీ మా అత్తకు చెప్పేదాన్ని. ఆమె పేరు నర్సమ్మ. ఆమె గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కథ ఆమెదే.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లు తాగి తాగి మా అత్త మోకాళ్లు వంకర తిరిగి బిగుసుకుపోయాయి. నడుము కర్రలా అయింది, వంగదు. తన పాదాలను తాను ముట్టుకుని ఎన్నో ఏళ్లు. స్నానం చేయించి కాళ్లు కడిగేది నేనే. మామ పోయి అప్పటికి చాలా కాలం. ఆ మీద మతి కూడా జారడం మొదలైంది. కొడుకును గుర్తుపట్టేది. నన్ను మాత్రం మరిచిపోయింది. ఒకరోజు కూలిమనిషి అనుకునేది, ఒకరోజు పక్కింటామె అనుకునేది. ఇరవై ఏళ్లకు పైగా ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లం. అదే నాకు పెద్ద బాధ.

అయినా నేను చెప్పేది వినేది. కదురుకు పెట్టే మట్టి బిళ్లలు దొరికాయని చెప్పిననాడు ఎంత సంతోషమో ఆమెకు.

"గప్పుడు సుత మనోళ్లే ఉన్నరా ఆడ?" అన్నది. "ఇగ పనికి కొదువ లేదు తియ్యి."

పొద్దు వాలితే మాత్రం ఒకటే మాట. "నేను తల్లిగారింటికి పోతా. మా బాపు ఎదురు చూస్తడు." ఆమె తల్లిగారి ఊరు పాటిగడ్డ అవతల. పెళ్లయిన కొత్తలో ఆ పాత బండ్లబాట మీదనే నడిచి వచ్చేదట. ఇప్పుడా బాట లేదు. పాటిగడ్డ దాటగానే కంకర క్వారీ పడింది. బాట పోయి పోయి ఆ గుంత అంచున తెగిపోతుంది. ఆ సంగతి మా అత్త మనసులో లేదు. ఆమె మనసులో బాట మొత్తంగానే ఉంది.

నా భయమంతా అదే. తలుపు గొళ్లెం పెట్టకుండా ఎక్కడికీ పోయేదాన్ని కాదు.

ఆ రోజు ఆదివారం. తవ్వకాలకు సెలవు. రోహిణి ఎండలు. పొద్దున్నే వాడకట్టులో పడుగు సాపుతున్నాం. పడుగంటే మగ్గం మీద నిలువునా పరిచే నూలు. దాన్ని వీధి పొడుగునా సాగదీసి సరిచేసేటప్పుడు ఇంటిల్లిపాదీ ఉండాలి, మధ్యలో వదిలితే పోగులు చిక్కుపడతాయి. నేను ఒక కొస, మా ఆయన ఒక కొస. అత్త అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. మేము మా పనిలో పడ్డాం. పడుగు చుట్టి లేచేసరికి అరుగు మీద ఆమె లేదు. కర్ర కూడా లేదు.

మొదట ఇరుగుపొరుగు ఇళ్లలో చూశాం. తర్వాత పోచమ్మ గుడి దగ్గర, హోటల్ దగ్గర, బస్సులాగే చోట. ఎవరూ చూడలేదు. పెద్ద పడుగు సాపే నాడు అందరి కళ్లూ నూలు మీదనే ఉంటాయి.

మధ్యాహ్నమైంది. నేల పెనంలా కాలుతోంది. ఆ ఎండలో ముసలి ప్రాణం ఎంతసేపు నిలుస్తుంది? మా ఆయన మోటారు బండి తీసి సరాసరి క్వారీకి పోయాడు. ఆయన గుంత అంచున నిలబడి కిందికి చూడడం, వెనకాలే నడిచి పోయిన నేను దూరం నుంచి చూశాను. ఎంతసేపటికీ వెనక్కి తిరగలేదు. చివరికి తిరిగి, చెయ్యి అడ్డంగా ఊపాడు. లేదు అని. అప్పుడు ఏడ్చాను.

అక్కడి నుంచి పాటిగడ్డకు వచ్చాను. కావలి ఉండే ఖాజా భాయి సామాన్లకు మర్రిగూడ పోయి అప్పుడే వచ్చి తాళం తీస్తున్నాడు. చుట్టూ ముళ్లకంచె. ఒక మూల మేకపిల్ల దూరేంత సందు ఉందన్న మాట నిజమే. దాచను.

"భాయి, మా అత్త ఇటు వచ్చిందా?"

"ఈడికి చీమ రావాల్నన్నా నన్ను అడిగే రావాలె అక్కా. పొద్దటి సంది తాళమే ఉన్నది," అన్నాడు. నా మొహం చూసి మళ్లీ, "అయినా ఒక్కసారి చూద్దాం పా," అన్నాడు.

ఇల్లు బయటపడ్డ గుంత మీద తాటిపత్రి, అదే టార్పాలిన్, కప్పి ఉంది. ఆ గుంతలోకి దిగాలంటే మట్టిలో చెక్కిన మెట్లు. మోకాళ్లు బాగున్న నేనే గోడ పట్టుకుని దిగేదాన్ని. ఖాజా భాయి తాటిపత్రి కొస ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు.

"యా అల్లా," అన్నాడు.

మా అత్త ఆ గడప పక్కన కూర్చుని ఉంది. వీపు పాత ఇటుక గోడకు ఆనించి, కాళ్లు ఆ బండ మీద చాపి. పక్కనే కర్ర, పద్ధతిగా గోడకు నిలబెట్టి ఉంది. చల్లటి చెట్టు కింద కూర్చున్న మనిషిలా ఉంది.

నేను ఎలా దిగానో నాకు తెలియదు. దగ్గరికి పోయి ఆమె చెంపలు పట్టుకున్నాను. చెమట లేదు, వేడి లేదు. పెదవులు తడిగా ఉన్నాయి.

అప్పుడు పాదాలు చూశాను.

రెండు పాదాలూ శుభ్రంగా కడిగి ఉన్నాయి. చీలమండల దాకా పసుపు రాసి ఉంది. వేళ్ల సందుల్లో కూడా వదలకుండా రాశారు. ఎప్పుడో మెట్టెలు తీసేసినా, ఆ వేళ్ల మీద గాడి మిగిలే ఉంది. ఆ గాడిలోనూ పసుపే. డబ్బా పసుపు వాసన కాదు. పచ్చి కొమ్ము అరగదీసినప్పుడు వచ్చే వాసన.

బండ లోతులో తడి ఉంది. చెయ్యి పెట్టాను, చల్లగా తగిలింది. నేను చూస్తుండగానే ఆరిపోయింది. మా బోరు నీళ్లు ఎక్కడ ఆరినా తెల్లగా చార కడతాయి. చెంబు మీదా అంతే, చర్మం మీదా అంతే. బండ మీద చార లేదు. మా అత్త పాదాల మీదా లేదు.

"అత్తా, ఎవలు కడిగిండ్రు నీ కాళ్లు?"

"గీ ఇంటామెనే," అన్నది చాలా మామూలుగా. "నేను తల్లిగారింటికి పోతున్న అంటే, ఎండల ఏడ పోతవని కూసోబెట్టింది. నీళ్లు తాపింది."

"ఏమన్నది?"

"ఏమన్నదో తెల్వలే. ఆమె మాట మన మాట కాదు. నవ్వుతది, సైగ జేస్తది. కాళ్లు సాపుమన్నది, సాపిన." కొంచెం ఆగి, "జర మంచి పిల్ల. పొద్దు గుంకినంక పొమ్మన్నది," అన్నది.

మాట తెలియలేదన్న మనిషే పొద్దు గుంకినాక పొమ్మన్నదని ఎలా చెప్పిందో అడగలేదు. సైగ చేసి ఉంటుంది అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఖాజా భాయీ, క్వారీ నుంచి వచ్చిన మా ఆయనా కలిసి ఆమెను మంచం మీద పైకి ఎక్కించారు. ఇద్దరు మగవాళ్లు, నులకమంచం, తాళ్లు కావలసి వచ్చింది. ఆమె ఒక్కతే ఎలా దిగిందని ఖాజా భాయి దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

ఊళ్లో సూదులేసే డాక్టర్ నాలుక చూశాడు, నాడి చూశాడు. "పెద్దమ్మ మంచిగనే ఉన్నది. గ్లూకోజు ఎక్కియ్యాల్సింది నీకే," అని నన్నన్నాడు.

అందరూ ఎవరికి తోచినట్టు వారు చెప్పారు. పెళ్లిళ్ల కాలం కదా, పెళ్లివాళ్లెవరో దారిన పోతూ ఆమెను చూసి నీడన కూర్చోబెట్టి ఉంటారన్నారు. నిజం కావచ్చని నేను నాలుగు ఊళ్లలో అడిగించాను. ఆ దారిన ఎవరూ రాలేదు. రావడానికి ఆ దారే లేదు.

ఇంకో సంగతి ఉంది. అది ఆడవాళ్లకు వెంటనే తట్టింది, మగవాళ్లకు ఆలస్యంగా తట్టింది. మా అత్త బోడి నుదురుతో, గాజులు లేని చేతులతో ఉంటుంది. ఆమెను చూడగానే భర్త లేని మనిషని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. మావైపు ఇంటికి వచ్చిన ముత్తైదువకు కాళ్లకు పసుపు రాస్తారు. భర్త పోయినామెకు ఎవరూ రాయరు. పెళ్లివాళ్లయితే అసలే రాయరు. ఎంత దయగల మనిషైనా నీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది, కాళ్లు కూడా కడుగుతుంది. పసుపు దగ్గర చెయ్యి ఆగుతుంది. నా చెయ్యి కూడా అన్నేళ్లు ఆగింది. రోజూ ఆ కాళ్లు కడిగిన చెయ్యే.

ఆ రాసిన మనిషికి ఈ కట్టుబాటు తెలియదు. మా ఊరి మనిషి కాదు, మా చుట్టుపక్కల మనిషి కాదు. దారిన వచ్చిన ఆడమనిషి, కాళ్లు అలిసి ఉన్నాయి, అంతే చూసింది.

సోమవారం పనిలో మేడంకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ బండ దగ్గర వంగి దాని లోతులో చెయ్యి పెట్టి చూసింది. "నేనిది ఎక్కడా రాయలేను లచ్చమ్మా. కానీ మీ అత్త బతికింది, అది చాలు," అన్నది. వానలు రాకముందే ఆ ఇంటిని ఇసుకతో, మట్టితో మళ్లీ మూసేశారు. తవ్వినదాన్ని కాపాడడానికి అలాగే చేస్తారట. చివరి తట్ట మట్టి పోసేముందు నేను ఆ గడపకు మొక్కాను. ఎవరో చూసి నవ్వారు, నవ్వనీ.

మా అత్త ఆ తర్వాత రెండు వానకాలాలు బతికింది. మళ్లీ ఒక్కసారి కూడా ఇల్లు దాటలేదు. సాయంత్రం పూట నేనే ఎప్పుడైనా, "తల్లిగారింటికి పోవా అత్తా?" అని ఆటపట్టిస్తే, "పోయొచ్చిన గదనే," అనేది. నిద్రలోనే, తన మంచంలోనే పోయింది. క్వారీ గుంతలో కాదు, ఎండలో దిక్కులేక కాదు. అందుకే నేను ఎవరికో రుణపడి ఉన్నాను. ఎవరికో తెలియదు.

ఎన్నిసార్లు ఆలోచించినా నాకు లెక్క కుదరలేదు. కంచె సందులో దూరి ఉండవచ్చు. మెట్లు కూర్చుని జారి ఉండవచ్చు. నేను రోజూ చెప్పిన కబుర్లే ఆమె మతిలో ఇల్లయి, మనిషయి ఉండవచ్చు. అన్నీ ఒప్పుకుంటాను. పసుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. దయ్యమని మాత్రం అనను. దయ్యాలు అలా చేస్తాయని నేనెక్కడా వినలేదు.

ఇక అత్త దొరికిన మర్నాడు పొద్దున, పనికి పోయే ముందు నేను చేసిన పని చెప్పి ఆపుతాను.

చీకటితోనే లేచాను. అత్త పాదాల పసుపు పక్కబట్టకు అంటి సగం పోయింది. అది పూర్తిగా పోతుందంటే నాకు మనసొప్పలేదు. ఇంట్లో ఉన్న పసుపు కొమ్ము తీసి రాయి మీద అరగదీశాను. మా ఆయన చూశాడు. పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టాడు.

అత్తను అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, పసుపు రాయడం మొదలుపెట్టాను. పాలకు పోతున్న సత్తెమ్మ పెద్దమ్మ ఆగింది.

"ఏందే లచ్చమ్మ, పసుపు కుంకాలు పోయినామెకు కాళ్లకు పసుపా? మతి పోయింది మీ అత్తకా, నీకా?"

"ఇద్దరికీ పోయింది పెద్దమ్మా," అన్నాను. "నువ్వు పాలకు పో, ఆలస్యమైతది."

ఆమె సణుగుతూ పోయింది. మా అత్త తన పాదం వైపు చూసుకుంది. తర్వాత నా మొహంలోకి చూసింది. ఎన్నో నెలలుగా నన్ను చూసినప్పుడు ఆ కళ్లలో ఏమీ ఉండేది కాదు. ఆ పొద్దు ఉంది.

"నిన్న మాట రాకపాయె నీకు," అన్నది. "ఇయ్యాల మంచిగ మాట్లాడుతున్నవే బిడ్డా."

నేను నిన్నటి ఆమెను కాను, నీ కోడలినని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"అవునత్తా, నేర్చుకున్న," అన్నాను.

ఆమె నవ్వి, రెండో కాలు కూడా నా ఒళ్లోకి చాపింది.